రంగు చూసి పోసే మనిషి

రోజూ కాఫీకి ముందు క్లెమెంతే పాత పత్రికను ఉండచుట్టి వ్యాను అద్దం తుడిచేవాడు. ఆ ఏడాది ఒక్కసారి తుడిస్తే సరిపోలేదు. రెండుసార్లు, మూడుసార్లు తుడిచి, "ఈ బాగ్యో మంచు ఏటికేడూ ముదిరిపోతోంది" అని విసుక్కునేవాడు.

అప్పటికి అతనికి అరవై ఏడేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా మా బాగ్యో కొండవాలు మీది పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నాడు. ఆ ఏడు ఆరుగురు. అతని గేటు దగ్గర మొదలైన దిగుడు బడిదాకా ఆగదు. అందుకే బడి తెరిచే ముందు రోజు బ్రేక్ ఆయిల్, క్లచ్ ఆయిల్ ఇంట్లోనే మార్చేవాడు. మెకానిక్‌ని బండి దగ్గరకు రానిచ్చేవాడు కాదు.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే వ్యానును జాకీ మీద లేపాడు. భార్య ఒలింపియా డ్రైవరు సీట్లో కూర్చుంది. చక్రం దగ్గర నట్టుకు సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొస ఖాళీ సీసాలో పెట్టి, అతను కిందనుంచి అరిచాడు.

"తొక్కు. అలాగే పట్టుకో. నేను బిగించేదాకా వదలకు."

"పట్టుకునే ఉన్నా లకాయ్, ముసలోడా! ముప్పై ఏళ్ళుగా ఇదే పాట. నా కాలు పట్టేసింది, ఆ నట్టు బిగించవయ్యా."

"బాకెట్, ముసలిదానా, నువ్వు మధ్యలో వదిలితే లోపలికి గాలి దూరుతుంది. గాలి దూరితే బ్రేకు ఉండదు."

"నీ నోట్లోంచి పోయే గాలికంటే ఎక్కువా?"

అతను నవ్వాడు. పాత ఆయిల్ తగ్గేకొద్దీ పైనున్న బ్రేకు డబ్బాలో కొత్తది పోస్తూ నాలుగు చక్రాలూ పూర్తిచేశాడు. కొట్లో కొన్న డబ్బా విప్పి ఉంచితే మా ఊరి చెమ్మకు ఆయిల్ పాడవుతుందని ఖాళీ జిన్ సీసాల్లో మెడదాకా నింపి దాచుకునే అలవాటు అతనిది. లేత పసుపుది బ్రేకులకు, ఎర్రది స్టీరింగుకు. చీటీలు అంటించడు. రంగు చూసే పోస్తాడు.

క్లచ్ మొదలుపెట్టే ముందు ఒలింపియా కాలు విదిలించుకోడానికి దిగింది. గొట్టం కింది సీసాలో ఎర్రగా ఉన్నది చూసి నిలబడిపోయింది.

"లకాయ్, ఇదేం రంగు?"

"లేత పసుపు. చూడు, ఎంత తేటగా వచ్చిందో."

ఆమె షెడ్డులోంచి నిండు సీసాలు రెండు తెచ్చి అతని ముందు పెట్టింది.

"వీటిలో ఎర్రదేది?"

"ఏం పరీక్షే ఇది?" అన్నాడు. చేత్తో ఒకటి చూపించాడు. అది పసుపుది.

ఆమె అక్కడే చతికిలబడింది. "ఎన్నాళ్ళయింది?"

అతను సీసాలు పక్కకు జరిపాడు. "క్రిస్మస్ నుంచి. అన్నీ టీ నీళ్ళలా కనిపిస్తున్నాయి. కంటి డాక్టరు దగ్గరికెళ్తే తోలొద్దంటాడని..."

"మొత్తం కడిగి మళ్ళీ మంచిది పోస్తే?"

"స్టీరింగ్ ఆయిల్ తగిలిన బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుంది. పైకి బాగానే ఉంటుంది. ఏదో ఒక రోజు దిగుడులో చెయ్యిస్తుంది. రబ్బర్లన్నీ మార్చాలి."

"మార్చిద్దాం. బండి బాగవుతుంది. తోలేవాడి మాటేంటి?"

అతను రెంచీని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. ఆమె గొడుగు తీసుకుని గేటువైపు నడిచింది.

"ఎక్కడికి?"

"ఆరుగురు తల్లుల దగ్గరికి."

"ఆగు. నేనే చెబుతా. నువ్వొక్కదానివే వెళ్తే నేను పోయాననుకుని కొవ్వొత్తులు తెస్తారు."

మొదటి ఇల్లు నెనీతాది. ఆమె కొడుకు రెండేళ్ళుగా ఆ వ్యానులో ముందు సీటు. క్లెమెంతే టోపీ చేత్తో పట్టుకుని, కళ్ళ సంగతీ సీసా సంగతీ ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె తలుపు పట్టుకుని వింది.

"నాకు తెలుసు మనోంగ్," అంది చివరికి, అన్నను పిలిచినట్టు. "మార్చిలోనే మావాడు చెప్పాడు. మలుపు వస్తే 'లోలో, ఎడమకి' అని వాడే తాతకి దారి చెబుతున్నాడట. అది ఆటనుకున్నాడు వాడు."

ఒలింపియా నెనీతా వైపు తిరిగింది. "తెలిసీ పంపావా?"

"మీరు నొచ్చుకుంటారని ఎలా అడగాలో తెలియలేదు, మనాంగ్." అక్కను పిలిచినట్టు అంది నెనీతా. "రేపు అడుగుదామనుకుంటూనే బడి ఏడాది అయిపోయింది."

క్లెమెంతే టోపీ పెట్టుకున్నాడు. అక్కడినుంచి మిగతా అయిదిళ్ళకూ వెళ్ళాడు. రెండిళ్ళలో కాఫీ ఇచ్చారు. ఒక ఇంట్లో తండ్రి కూర్చోమనలేదు.

ఇప్పుడు ఆ పిల్లలు వేరే వ్యానులో వెళ్తున్నారు. క్లెమెంతే ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కుడి కంటికి ఆసుపత్రి వాళ్ళు ఇంకా తేదీ ఇవ్వలేదు.