యాడ నొస్తాందవ్వా?

పోయిన నెల నా మోకాలు మొండికేస్తే, కోడలు నన్ను వనస్థలిపురంలో ఒక ఫిజియోథెరపీ సెంటరుకు తీసుకెళ్లింది. అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒక చిన్నపిల్ల నా చేతికి అట్ట ముక్క ఇచ్చింది. దాని మీద వరసగా గుండ్రటి మొహాలు, మొదటిది నవ్వుతూ, చివరిది ఏడుస్తూ. నా నొప్పి ఏ మొహంలా ఉందో వేలు పెట్టి చూపించమంది. అరవై ఏళ్ల కిందట ఇదే పని నేను చేసిన తీరు గుర్తొచ్చి, ఆపుకోలేక గట్టిగా నవ్వాను. ఆ పిల్ల పాపం నా నవ్వు చూసి మొదటి మొహం దగ్గర టిక్కు పెట్టుకుని, నొప్పి లేదని రాసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నా మోకాలికి పెద్దగా వైద్యం జరగలేదు గానీ, నల్లగొండ దవాఖాన వెనకాల ఉండిన రేకుల గది మాత్రం కళ్ల ముందుకు వచ్చి కూర్చుంది.

మాది రామన్నపేట. బాపు బడిపంతులు. చదివిన ఆడపిల్ల పంతులమ్మ అన్నా కావాలి, నర్సన్నా కావాలి అనుకునే రోజుల్లో, మందు లేకుండా వేడితో, మర్దనతో, కసరత్తుతో నొప్పులు తగ్గించే చదువు ఒకటి వచ్చిందని ఎక్కడో పత్రికలో చూసి, ఆయన నన్ను హైదరాబాదు పంపించాడు. ఏడాది శిక్షణ ముగించుకుని వచ్చేసరికి మా చుట్టాల్లో నా చదువుకు మాలీషు చదువని పేరు స్థిరపడిపోయింది. మా మేనత్త అయితే, పిల్లను పట్నం పంపి కాళ్లు పిసుకుడు నేర్పిచ్చిండ్రని వచ్చిన వాళ్లందరి దగ్గరా వాపోతూనే, మమ్మల్ని చూడవచ్చినప్పుడు మాత్రం తన కాళ్లు నా ముందు చాపేది. నా నౌకరి పోయిన మర్నాడే నన్ను తన కొడుక్కి చేసుకుంటానని బాపుకు మాట కూడా ఇచ్చి ఉంచింది. మా మేనబావ మంచివాడే, కానీ నిద్రలో తప్ప నోరు మూసేవాడు కాదు. అందుచేత ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడం నాకు ఎంత అవసరమో మీరు ఊహించుకోవచ్చు.

నల్లగొండలో నాకు ఇచ్చింది దవాఖాన వెనక ఆడవాళ్ల కోసం కేటాయించిన ఒక్క గది. పైన రేకులు, గుమ్మానికి పరదా, లోపల ఒక చెక్క బల్ల, బయట వసారాలో పొడుగాటి బెంచీ. నా పైన ఉన్న డాక్టరు గారు కోస్తా నుంచి వచ్చినవారు. రెండు ప్రాంతాలూ కలిసిన కొత్తలో అలా చాలామంది వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో లెక్క తేలని వాడిలా కనిపించే ఆ మనిషికి నొప్పి అంటే మహా ఇష్టం. ఇష్టమంటే దాని సంగతి తేల్చాలని. నొప్పి నడుములో పుట్టి, నరాల గుండా టెలిగ్రాములాగా మెదడుకు చేరుతుందనీ, నడుముకు వేడి తగిలితే ఆ టెలిగ్రాము ఆగిపోతుందనీ ఆయన నమ్మకం. అది రుజువు చెయ్యడానికి బొంబాయి నుంచి ఒక ఎర్రటి దీపం తెప్పించారు. ఇత్తడి కాడ మీద పెద్ద ఇనుప బుట్ట, అందులో తలకాయంత ఎర్ర బల్బు. స్విచ్చి వేస్తే గదంతా కుంకుమ చల్లినట్టయ్యేది. నడుము నొప్పితో వచ్చిన ఆడవాళ్లను బొర్లా పడుకోబెట్టి, పావుగంట ఆ దీపం పెట్టి, నొప్పి ముందెంత, తర్వాతెంత అని రిజిస్టరులో రాయడం నా పని. పరదా గది కాబట్టి ఆయన లోపలికి వచ్చేవారు కాదు. ప్రతి శనివారం వసారాలో కుర్చీ వేయించుకుని రిజిస్టరు చూసేవారు.

చిక్కంతా ఆ రాయడంలోనే వచ్చింది. ఆయన అచ్చు వేయించిన కాగితంలో నొప్పికి మూడే గడులున్నాయి. స్వల్పం, మధ్యమం, తీవ్రం. మా ఆడవాళ్ల నొప్పులు ఆ గడుల్లో పట్టేవి కావు. ఒకామెకు సలుపుతాంది, ఒకామెకు గుంజుతాంది, ఒకామెకు జివ్వుమంటాంది, ఇంకొకామెకు బొక్కల్లో, అంటే ఎముకల్లో, తీపులు తీస్తాంది. నేను వాళ్లు చెప్పింది చెప్పినట్టు పక్కన రాసేదాన్ని. మొదటి శనివారమే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇదేమిటమ్మాయ్, ఎలకలు కొరికినట్టు అని రాశావు. ఇది మధ్యమమా, తీవ్రమా?" అని అడిగారు. నేను లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, "పందికొక్కులు కాదట సార్, చుంచెలుకలట. మధ్యమం వెయ్యొచ్చు" అన్నాను. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, మధ్యమం అని రాసుకున్నారు.

ఆ చుంచెలుకల నడుము కేతేపల్లి వైపు నుంచి వచ్చే ఒక అవ్వది. వాళ్లది గొర్ల మంద ఉన్న ఇల్లు. ఒక పొట్టేలు వెనక నుంచి వచ్చి పొడిస్తే బోర్లాపడి, అప్పటి నుంచి నిటారుగా నిలబడలేకుండా ఉంది. మొదటిసారి కొడుకు ఎత్తుకుని దింపాడు. నేను బల్ల మీద పడుకోబెట్టి, యాడ నొస్తాందవ్వా అని అడగడమే ఆలస్యం, ఆమె పొట్టేలు నుంచి మొదలుపెట్టి, ఆ పొట్టేలును అమ్మనివ్వని మొగుడి మీదుగా, తన పెళ్లిలో పప్పు తక్కువ పడిన సంగతి దాకా చెప్పింది. పావుగంట అయ్యాక దీపం తీసి, ఇప్పుడెట్లుందని అడిగితే, జర నయమే అంది. నాలుగో వారానికి బస్సు దిగి తనంతట తాను నడిచి వచ్చింది.

అప్పుడు ఎండాకాలం ముదిరింది. నల్లగొండ ఎండ సంగతి మన కాలం వాళ్లకు చెప్పక్కర్లేదు. రేకుల కింద ఆ గది ఇటుకల బట్టీలా ఉండేది. ఒక మధ్యాహ్నం నేల చల్లబడుతుందని చెంబుతో నీళ్లు చల్లుతుంటే, ఒక్క చుక్క ఎగిరి వెలుగుతున్న బల్బుకు తగిలింది. టప్పుమని పేలింది. అదృష్టవశాత్తూ బల్ల మీద ఎవరూ లేరు. ఎర్ర పెంకులన్నీ ఏరి చీపురుతో ఊడుస్తుంటే నాకు మేనబావ కంఠం స్పష్టంగా వినిపించింది.

చెప్పాలనే అనుకున్నాను. ఆ శనివారం డాక్టరు గారికి జ్వరం. ఆ పై శనివారం నాకు ధైర్యం లేదు. ఈలోగా వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లను వెనక్కి పంపితే సంగతి బయటపడుతుంది కదా! ఖాళీ ఇనుప బుట్టనే నడుము మీదికి వంచి, స్విచ్చి టక్కుమని వేసి, పక్కన కూర్చుని ఎప్పటిలాగే అడిగేదాన్ని. రేకుల వేడికే వాళ్ల వీపులు చెమటలు పట్టేవి. చిత్రమేమిటంటే, పావుగంట తర్వాత ఎట్లుందంటే, నయమే అనేవారు. రిజిస్టరు నిండా నయమే. వెలిగిన రోజుల్లో కన్నా బాగా నయమే.

డాక్టరు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. హైదరాబాదులో పెద్ద డాక్టర్లందరూ కూడే సభ ఉందనీ, అందులో ఈ సంగతి వ్యాసంగా చదవబోతున్నాననీ, అన్ని జిల్లాల దవాఖానలకూ ఎర్ర దీపాలు ఇప్పించమని అడుగుతాననీ చెప్పి, రిజిస్టరు కోసం చెయ్యి చాపారు. ఇక దాచలేకపోయాను. ఆయన నా అబద్ధాన్ని పదిమందిలో నిలబడి చదవడం తలచుకుంటే, మేనబావ మేలనిపించింది.

"సార్, ఆ దీపం వెలగడం లేదు."

"కరెంటు పోయిందా?"

"బల్బు పోయింది సార్."

"ఎప్పుడు?"

"నెల దాటింది."

ఆయన రిజిస్టరు వైపు చూశారు, పరదా వైపు చూశారు. "మరి ఈ నెల రోజులూ వీళ్ల నడుముల మీద ఏం పెట్టావు?"

"ఖాళీ బుట్ట సార్. పైన రేకులు."

ఆయన మొహంలో రంగు మారింది. ఇంక నా పని అయిపోయిందనుకుంటున్నప్పుడు, పరదా లోపల బల్ల మీద బొర్లా పడుకుని ఉన్న కేతేపల్లి అవ్వ గొంతు ఖంగుమంది.

"గా పిల్లనేమనకు సారూ! దీపం ఎలుగుతలేదని నాకు ఎర్కే. ముంగట గోడ మీద ఎర్రగ పడుతుండె, గిప్పుడు పడ్తలేదు. బొర్ల పండుకున్న గని కండ్లు గుడ ఉన్నయి గద నాకు!"

డాక్టరు గారు పరదా బయట నిలబడి, "తెలిసీ అంత దూరం నుంచి ఎందుకు వస్తున్నావమ్మా?" అని అడిగారు.

"మా ఇంట్ల గొర్రె కుంటితే నలుగురు ఉరుకుతరు సారూ. నా నడుం సంగతి ఎవలడుగుతరు? గీ పిల్ల యాడ నొస్తాందవ్వా, ఎట్ల నొస్తాందవ్వా అని కూసుండి అడుగుతది. జెప్పుకుంట జెప్పుకుంట ఉంటే గది తగ్గుతది. గంతే."

ఆయన బెంచీ మీద కూర్చున్న వాళ్ల వైపు తిరిగి, మీకు కూడా తెలుసా అన్నారు. పానగల్ నుంచి వచ్చే ఒక దర్జీ భార్య, మేమంతా ఖాలమ్మ అని పిలిచే ఆమె, బురఖా సవరించుకుంటూ, "అందరికీ ఎరుకే సాబ్. జెప్తే ఈ బేటీ నౌకరి పోతదని జెప్పలే" అంది. బెంచీ బెంచీ అంతా తలలూపింది. నేను ఒక్కదాన్నే రహస్యం దాస్తున్నాననుకుంటే, వసారా మొత్తం నా కోసం నెల రోజులుగా ఆ రహస్యాన్ని దాస్తూ ఉందన్నమాట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

డాక్టరు గారు నన్ను తిట్టలేదు. రిజిస్టరు మళ్లీ మొదటి పేజీ నుంచి తిరగేసి, "టెలిగ్రాము సరిగానే బయలుదేరుతోందమ్మాయ్. దారిలో ఎవరో విప్పి, మాటలు మార్చి పంపుతున్నారు" అన్నారు. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. నేను రిటైరయ్యే నాటికి, నొప్పికి దారిలో తలుపులుంటాయనీ, మనసు నెమ్మదిస్తే అవి మూసుకుంటాయనీ పెద్ద పుస్తకాల్లో చదివి, ఈయన మా రేకుల కిందే ఆ మాట అన్నారు కదా అనుకున్నాను.

ఆయన అక్కడితో వదిలితే బాగుండేది. కొత్త బల్బు రాగానే కొత్త పరీక్ష పెట్టారు. దీపం రోజూ వెలగాలి. సోమ, బుధవారాల్లో నేను మాట్లాడాలి. మంగళ, గురువారాల్లో ఒక్క మాట కూడా పెదవి దాటకూడదు. దీపానిది ఎంత, మాటది ఎంత తేల్చాలని.

మొదటి మంగళవారం నేను మూగదానిలా దీపం పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాను. బల్ల మీదున్నామె రెండు నిమిషాలు ఓపిక పట్టి, తల తిప్పి చూసి, లేచి కూర్చుంది. "ఏమైంది బిడ్డా, ఇంట్ల అంత మంచిదేనా?" నేను తల ఊపాను. ఆమె బయటికి వెళ్లి బెంచీ మీద వాళ్లకు చెప్పింది. గురువారానికి ఖాలమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి, "ఎవరన్న ఏమన్న అన్నరా బేటీ?" అంటూ నా జబ్బకు కట్టింది. ఆ పై మంగళవారం కేతేపల్లి అవ్వ కోడిగుడ్డుతో దిష్టి తీసి, నన్ను బల్ల మీద పడుకోబెట్టి, నా నడుము తన చేత్తో రాస్తూ, "యాడ నొస్తాంది బిడ్డా, జెప్పు" అని అడిగింది. సార్ ఆజ్ఞ ప్రకారం నేను నోరు విప్పలేదు. చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు. దీపం ఎటో చూస్తూ వెలుగుతోంది. ఆ రోజు రిజిస్టరులో వాళ్లందరి నొప్పీ తగ్గినట్టే రాయవలసి వచ్చింది, ఎందుకంటే నాకేమైందోనన్న ఫికరులో పడి తమ నడుముల సంగతి మరిచిపోయారు. జరిగింది కూడా పక్కన రాశాను. శనివారం అది చదివి డాక్టరు గారు రిజిస్టరు మూసేసి, పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వగా చూడడం అదే మొదలు.

హైదరాబాదు సభలో జరిగింది జరిగినట్టే చదివారట. అయితే దీపాల బదులు కబుర్లాడే వాళ్లను నియమిద్దామా అని ఒక పెద్దాయన ఎగతాళిగా అడిగితే, "అవునండీ, నియమించాలి" అని ఈయన నిజంగానే జవాబిచ్చారట. సభంతా నవ్వింది. ఆ వ్యాసాన్ని ఎవరూ అచ్చు వెయ్యలేదు. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అయింది. వెళ్లే ముందు సామాను కట్టించి వసారాలోకి వచ్చి, అందరూ లేచి జాగా ఇస్తుంటే వద్దని, బెంచీ చివర కూర్చుని తన వంతు కోసం ఆగారు. వంతు వచ్చాక నా వైపు చూడకుండా, "నాలుగేళ్లుగా ఈ నడుం గుంజుతాందమ్మాయ్" అన్నారు. నేను ఎక్కడ సార్ అని అడిగాను. గంటసేపు చెప్పారు. ఎక్కువ భాగం వాళ్లమ్మ గురించి.

నా నౌకరి పోలేదు. మేనబావకు మాటకు మాట చెప్పగల పిల్ల దొరికి, ఇద్దరూ సుఖంగా ఉన్నారు. పాత రోజులే మంచివని నేను అనను. ఇప్పటి మందులూ, ఎముకను లోపలి నుంచి చూపించే ఫొటోలూ ఆ రోజుల్లో ఉంటే ఎన్ని నడుములు నిటారయ్యేవో. కానీ అప్పుడు నొప్పులు ఎన్ని రకాలో, ఒక్కో రకానికీ ఒక్కో పేరుండేది. మా ఇంట్లో ఇప్పుడు చిన్నా పెద్దా అందరికీ ఉన్నది ఒకటే, దాని పేరు పెయిన్. నిన్న సాయంత్రం మనవరాలు ఆఫీసు నుంచి వచ్చి, నడుము పట్టుకుని ఆ మాటే అంది. పక్కన కూర్చోబెట్టుకుని, ఎట్ల నొస్తాంది బిడ్డా, సలుపుతాందా, గుంజుతాందా, తీపులు తీస్తాందా అని అడిగాను. అది ఫోను పక్కన పెట్టి నా మొహంలోకి చూసి, "అవన్నీ వేరు వేరా నానమ్మా?" అంది.