ఎసరు పోసిన కేకు

అరవైల నాటి మాట. మా పుట్టిల్లు బళ్ళారి కంటోన్మెంట్. పెళ్లయి తెక్కలకోటకు వచ్చిన కొత్తలో, పుట్టింటి పక్కనుండే టీచరమ్మ దగ్గర నారింజ కేకు చేయడం నేర్చుకున్నానని అత్తగారితో గొప్పలు పోయాను. నిజానికి నేను నేర్చింది తినడం ఒక్కటే.

ఒకరోజు దేశనూరు నుంచి అత్తగారి అన్న వచ్చాడు. "కంటోన్మెంట్ పిల్లకు పొయ్యి ఊదనొస్తాదా అంటాండాడు మా అన్న. ఆ కేకేదో చేసి పెట్టు" అంది అత్తగారు.

నారింజలు లేక దబ్బకాయ తొక్క తురిమాను. పిండి, వెన్న, చక్కెర, గుడ్లు కలిపాక ఏం చేయాలో తోచలేదు.

"ఏంది అట్ల చూస్తాండావు? పిండికి ఎసరు పొయ్యవా?" అంది అత్తగారు. మా వైపు జొన్నరొట్టెల పిండిని మరిగే నీళ్లతోనే తడుపుతారు. తెలియదనడానికి సిగ్గేసి పోసేశాను. గుడ్లు ఉడికి తునకలయ్యాయి. అంతా రొట్టెపిండిలా పిసికి, పొడుగు డబ్బాలో అదిమి, ఇసుక పోసిన గుండిగలో పెట్టి, మూత మీద నిప్పులు వేశాను.

తీరా కోయబోతే కత్తి దిగలేదు. పెద్దాయన వేలితో తట్టి, "దీన్ని కొయ్యాల్నా, పగలగొట్టాల్నామ్మా?" అన్నాడు.

అత్తగారు తొణకలేదు. రోకలితో నాలుగు దెబ్బలు వేసి, ముక్కలను వేడిపాలల్లో నానబెట్టి, "బళ్ళారిలో ఇట్లే తింటారన్నా, నీకేం తెలుసు" అంది. ఆయన రెండు గిన్నెలు తిన్నాడు.

తర్వాత్తర్వాత నేను నిజంగానే నేర్చుకుని, దూదిలాంటి కేకు చేసి ఆయన ముందు పెట్టాను. ఒక ముక్క నమిలి పెదవి విరిచాడు.

"చెయ్యి తప్పిందమ్మా నీకు. ఆ పొద్దు చేసినట్ల రాలేదు."

గొప్పలు పోయిన నోటికి అంతకన్నా తగిన మెచ్చుకోలు ఇంకేముంటుంది?