నడిమి గిన్నె

మా టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం అన్నాల గంట కొట్టగానే అందరికన్నా ముందు నేల మీదికి వచ్చేది ఒక స్టీలు గిన్నె. ముప్పైమంది ఆడవాళ్ళం దాని చుట్టూ కూర్చునేవాళ్ళం. ఎవరి డబ్బా వాళ్ళు తెరిచి, తెచ్చినదాంట్లో కొంత ఆ గిన్నెలో వెయ్యాలి. కోడికూర తెచ్చినామె రెండు గరిటెలు వేస్తుంది. ఉట్టి సంగటి ముద్దా ఊరుబిండి పచ్చడీ తెచ్చినామె చిటికెడు వేస్తే చాలు. ఏమీ తేలేకపోయినామె అందరికన్నా ముందు తినాలి. ఈ రూలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తప్పినవాళ్ళనూ నేను చూడలేదు.

నేను మదనపల్లె నుంచి కంపెనీ బస్సులో వెళ్ళేదాన్ని. డిగ్రీ చదివానని నాకు హాజరు రాసే పని ఇచ్చారు. మిగిలినవాళ్ళు బెల్టు మీద కదిలే కాయల్లోంచి కుళ్ళినవీ పచ్చివీ ఏరేవాళ్ళు. వాళ్ళలో పెద్దామె పుంగనూరు అక్క. ఆమె అసలు పేరు నా హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. నోరు తెరిస్తే నవ్వైనా రావాలి, తిట్టైనా రావాలి. మాకు రెండూ ఒకటే.

ఒకరోజు అన్నాల వేళ ఓనరు మైసూరుపాకు పెట్టెలతో వచ్చి మా మధ్య కూర్చున్నాడు. కంపెనీల మీద పన్ను తగ్గించారట. "మిగిలే డబ్బంతా ఫ్యాక్టరీలోనే పెడతానమ్మా, ఇక మనందరికీ మంచి రోజులే" అన్నాడు. చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే, సిగ్గులేకుండా చెప్తున్నాను.

"మాక్కూడా తగ్గించిరా సామీ?" అని అడిగింది అక్క.

"మీరు పన్ను కట్టరు కదమ్మా!"

"యాల కట్టం? సబ్బు కొంటే కడతాండాం, బిస్కెట్టు కొంటే కడతాండాం, సెప్పులు కొంటే కడతాండాం. నెలకే సెప్పులు తెగిపోయినా కట్టింది ఎనక్కి రాదే!"

అందరం పడీపడీ నవ్వాం. ఓనరూ నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు. అక్క గిన్నె ఆయన వైపు జరిపి, "మాతో కూకుంటివి, ఏమేస్తావో ఎయ్యి" అంది. పాపం, ఆయనకేం తెలుసు? చేతిలో ఉన్న మైసూరుపాకు ముక్క తీసి నేరుగా వంకాయ పులుసులో వేశాడు. మా నవ్వులకు షెడ్డు రేకులు ఎగిరిపోతాయనుకున్నా. ఆ తీపి పులుసునే అందరం తిన్నాం, గిన్నెలో పడింది పారెయ్యకూడదు మరి.

మూడు నెలలకు కొత్త మిషన్ వచ్చింది. కెమెరాతో కాయను చూస్తుంది, కుళ్ళిందైతే గాలి ఊది అవతల పడేస్తుంది. వారం తిరక్కుండానే నోటీసు బోర్డు మీద పనిలోంచి తీసెయ్యబోయే నలుగురి పేర్లు పడ్డాయి. మొదటి పేరు అక్కది. నాకు ఒళ్ళు మండిపోయింది. తగ్గిన పన్నుతో మనుషుల్ని తగ్గించే మిషన్ కొన్నాడు, దానికా నేను చప్పట్లు కొట్టింది!

అక్క ఆ రోజు నవ్వలేదు, తిట్టలేదు. ఈ ఉద్యోగానికి ముందు ఆమె కూలికి పోయేది. నెల జీతం అనేది ఇక్కడే మొదటిసారి చూసింది. మామిడి చెట్టు మీంచి పడి నడుము విరిగిన భర్తకు మందులు కూడా ఈ ఉద్యోగంతో వచ్చిన ఈఎస్ఐ కార్డు మీదే.

"మళ్ళా పొద్దున్నే పోయి మేస్త్రీ ముందర నిలబడాల్నా అమ్మే? ఈపొద్దు పనుండాదా లేదా అని వాని మొగం సూస్తా?" అంది నాతో.

మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నాం. బి.కొత్తకోట నుంచి వచ్చే ఒక పిల్ల గిన్నె వంక చూస్తూ, "కూరాకు ఏస్తాండాం గదా, పని యాల ఎయ్యకూడదు?" అంది. అంతే, నేను హాజరు పట్టీ తిరగేసి లెక్క మొదలుపెట్టాను. నలుగురికీ కలిపి నెలకు నూట నాలుగు పనిరోజులు. ముప్పైమందీ తలా మూడు రోజులు జీతం లేకుండా ఇంటి దగ్గర ఉంటే తొంభై తేలతాయి. మిగిలిన పద్నాలుగు రోజుల జీతం కంపెనీ భరిస్తే ఎవరూ పోనక్కర్లేదు. "అడగంది అమ్మయినా పెట్టదు, పదండి" అన్నారు అందరూ.

ఓనరు కుప్పంలో ఉన్న ఇంకో ఫ్యాక్టరీలో ఉన్నాడని తెలిసింది. మా సెలవు రోజున పన్నెండుమందిమి వ్యాను మాట్లాడుకుని బయల్దేరాం. ఉద్యోగాలు నిలబెట్టుకోవడానికి పోతున్నామా, పెళ్ళికి పోతున్నామా అన్నట్టుంది ఆ ప్రయాణం! పలమనేరులో టీలు తాగాం, జామకాయలు ఉప్పూకారంతో నమిలాం, దారి పొడుగునా పాడాం. అక్క కూడా గొంతు కలిపింది. ఒళ్ళో ఏదో మూట పెట్టుకుంది గానీ, అదేమిటో చెప్పలేదు.

ఓనరు గదిలో అన్ని కుర్చీలు లేవు. అలవాటుగా నేల మీద గుండ్రంగా కూర్చున్నాం. అక్క మూట విప్పి మా గిన్నెను ఆయన బల్ల మీద పెట్టింది. నేను నా కాగితం తీసి లెక్క చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "అయితే తలా మూడు రోజులు..." అంటూ కాగితం మీద వేలు పెట్టాడు.

"మూడు కాదు సామీ, రెండే!" అంది అక్క.

చటుక్కున ఆమె తొడ గిల్లాను. పోతున్నది ఆమె ఉద్యోగం, బేరమాడేదీ ఆమేనా!

"రెండేస్తాం. అరవై రోజులు మావి, మిగిలిన నలభై నాలుగూ నీవి. ఎక్కువుండేటోళ్ళు ఎక్కువెయ్యాల, అది గిన్నె నాయం. తగ్గింది నీ పన్ను గదా? ఐనా సూడు, ఇంకా మాదే ఎక్కువ!" అని, కొంచెం ఆగి, "ఈతూరి మైసూరుపాకు మాత్రం ఎయ్యొద్దు సామీ" అంది.

ఆయన ఖాళీ గిన్నె వైపు చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వి, "సరేనమ్మా, నలభై నాలుగు నావే" అన్నాడు. ఆ మాట కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకునేదాకా నేను నేల మీంచి లేవలేదు. ఆయన మేడకు నలభై నాలుగు, మా రేకుల ఇళ్ళకు అరవై, ఇదేం న్యాయమని ఇప్పటికీ గొణుగుతాను. కానీ ఆ రోజు మాత్రం ఎగిరి గంతేశాను.

తిరుగు దారిలో అక్కను తగులుకున్నాను. "ఆయన ఒప్పుకోకపోయింటే ఏమయ్యేదానివి?"

"కూలికి పోయుందును. మూడు దినాలంటే మీ ఇండ్లల్లో గూడా ఇబ్బందే గదమ్మే. నా పని కోసరం మీ కడుపులు కొట్టాల్నా?"

మర్నాడు అన్నాల గంట కొట్టింది. గిన్నె నేల మీదికి వచ్చింది. అక్క డబ్బా కాదు, ఏకంగా కుండే మోసుకొచ్చింది. మూత తీసి, కోడికూర కుండనంతా గిన్నెలోకి వంపేసింది. పులుసు అంచులు దాటి కారింది.

"ఏమక్కా, అంతా ఏసేస్తివి, నీకేదీ?" అని అరిచాం.

ఆమె ఉట్టి సంగటి ముద్ద తుంచుకుని నోట్లో పెట్టుకుంది.

"ఈపొద్దు అందరికన్నా నాకే ఎక్కువుండాది గదమ్మే" అంది.