గొట్టంలోంచి రాజుగారి జవాబులు

ఎవరు ఏమన్నా జవాబు చెప్పకుండా ఉండలేరు మా పెదపాడు బాపిరాజుగారు. అన్నది మనిషే అయ్యుండాలని కూడా లేదు. ఏలూరు స్టేషన్లో మైకు "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటే, "అయ్యో, పర్లేదండి, కూర్చుంటాం" అనేవారు. టీవీలో వార్తలమ్మాయి నమస్కారం పెడితే లేచి నిలబడి మరీ తిరిగి పెట్టేవారు.

2007లో ఇద్దరం ఒకే డాక్టరు దగ్గర తేలాం. కొల్లేట్లో తన చేపల చెరువుల గట్లు ప్రభుత్వంవాళ్ళు కొట్టేశాక ఆయనకు దిగులు పట్టుకుంది. నాకు ఏ కారణమూ లేకుండానే పట్టుకుంది. లెక్కల మాష్టారిగా రిటైరైనవాణ్ణి, ఆ ఒక్క లెక్కా తేల్చుకోలేకపోయాను. అన్నం సయించదు, నిద్ర రాదు, మనుషులంటే చిరాకు.

పెద్దవయసువాళ్ళ దిగులు మందుతో తగ్గేటప్పుడు మెదడులో ఏం మారుతుందోనని మా డాక్టరుగారు పరిశోధన చేస్తున్నారు. మందుకు ముందొక స్కాను, కొన్ని నెలల తర్వాత ఇంకొకటి. ఇద్దరికీ ఒకే రోజు మొదటి స్కాను. అది తీయించుకోకపోతే ఆ పరిశోధనలో నా చోటు పోతుంది. పోతే నేనింకో డాక్టరు గడప తొక్కనని నాకు బాగా తెలుసు.

తీరా మనిషిని లోపలికి తోసే ఆ స్కాను గొట్టాన్ని చూశాక, ఇన్నేళ్ళూ పిల్లల్ని వణికించిన నేను బల్ల మీద కూర్చుని చెమటలు కక్కాను. రాజుగారు ముందు వెళ్ళారు.

"కదలకండి రాజుగారూ, మాట్లాడకండి" అన్నాడు మైకులో, స్కాను తీసే అజ్మల్.

"అలాగేనండి. లోపల చల్లగా, హాయిగా ఉందండి," అని స్పీకరులోంచి జవాబు. నోరు కదిలితే తల కదులుతుంది. బొమ్మ చెడింది.

"మాట్లాడొద్దన్నాను కదండీ!"

"తప్పయిపోయిందండి. ఈ చప్పుడు మా చెరువు మీది ఆయిలింజనంత కూడా లేదండి."

మళ్ళీ చెడింది. ఇంకోసారి తీస్తే, "ఊపిరి చక్కగా ఆడుతోందండి" అన్నారు. అజ్మల్ తల పట్టుకుని, ఆయన్ని బయటికి తెచ్చి, "మాష్టారూ, మీరు రండి" అన్నాడు.

పారిపోదామని అప్పటికే ఒక చెప్పు తొడుక్కున్నాను. రెండో చెప్పును రాజుగారు కాలితో తొక్కిపట్టారు.

"ఇందాకట్నించీ చెబుతూనే ఉన్నాను కదండీ, లోపల భయపడేదేమీ లేదండి. వెళ్ళండి."

వెళ్ళాను. చల్లగానే ఉంది. చప్పుడు నిజంగానే ఆయిలింజనంత లేదు. ఊపిరీ ఆడింది. నా బొమ్మ మొదటిసారికే కుదిరింది.

మళ్ళీ రాజుగారి వంతు. "ఈసారైనా..." అంటూ అజ్మల్ దణ్ణం పెట్టాడు.

"ఇంకెవరికి చెప్పాలండీ? మాష్టారు వచ్చేశారుగా," అంటూ ఆయన లోపలికి వెళ్ళి పడుకున్నారు.

అజ్మల్ "కదలకండి" అన్నాడు. జవాబు లేదు. ఇద్దరం స్పీకరు వంక చూస్తూ నిలబడ్డాం. చివరిదాకా ఒక్క ముక్క లేదు. బొమ్మ అద్దంలా వచ్చింది.

అప్పటికి నా మట్టిబుర్రకు విషయం ఎక్కింది. ఆ పెద్దమనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టి, ఎంతకాలానికో పైకే నవ్వేశాను. ఆ నవ్వు విని డాక్టరుగారు పరుగున వచ్చారు.

"ఇప్పుడే నవ్వేస్తే ఎలాగండీ మాష్టారూ? మందు ఇంకా మొదలే పెట్టలేదు!"