ఊదారంగు మాస్టారు

అతిమధురం వేరు కషాయానికి ఒంట్లో పట్టే తుప్పును ఆపే గుణం ఉందని మా ప్రయోగశాలలో తేల్చింది మాస్టారు. సభలో దాన్ని తనదిగా చదివి చప్పట్లు కొట్టించుకున్నది డైరెక్టరుగారి బావమరిది. వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టింది కూడా మాస్టారే. ఆయన స్థానంలో నేనుంటే కుర్చీ విరిగేది.

ఆయనకున్నది ఒకటే పిచ్చి. కంటబడిన ప్రతిదాన్నీ ఊదారంగు ద్రావణంలో వేసి చూడటం. వేసినదాంట్లో ఆ గుణం ఉంటే ఊదా వెలిసి పసుపవుతుంది, లేకపోతే లేదు. వేరుతో మొదలైన పిచ్చి టీ, కాఫీ, ఉల్లిపొట్టు దాటి టైపిస్టు అక్కయ్య సంచీ దాకా పాకింది.

"అది నా దగ్గుమందు మాస్టారూ, ఇలా ఇచ్చెయ్యండి."

"ఒక్క చుక్కమ్మా. నీ దగ్గెక్కడికీ పోదులే."

ఆ చుక్కలన్నీ వేసే చాకిరీ నాది. వేశాక ఆయనది ఒకటే మాట: "ఏదీ, మళ్ళీ."

"మళ్ళీ ఎందుకండీ? పసుపు కనిపిస్తోందిగా."

"కషాయానికి సొంత రంగు ఉంటుంది కదయ్యా. అది నీ కళ్ళలో దుమ్ము కొడుతుంది. ఊదా కలపకుండా ఉత్త కషాయం వేరే గొట్టంలో పెట్టు. ఆ రంగెంతో చూసి, లెక్కలోంచి తీసెయ్యి."

పక్కబల్ల దగ్గర ఇదే పని చేసే బావమరిది ఏం పోసినా మాత్రం మాస్టారు "బాగుంది బాబూ" అనేవారు. నేను గ్రంథాలయంలో పుస్తకాలు నమిలి మింగినవాణ్ణి. అతను పుస్తకాన్ని బల్లకాలి కింద ఎత్తు కోసం పెట్టినవాడు. అయినా మెప్పు అతనికి, తిప్పలు నాకు. ఆ కషాయం బిందెడు తాగినా నా కడుపుమంట చల్లారేది కాదు.

ఇంతలో ప్రయోగశాలలో పర్మనెంటు ఉద్యోగం ఒకటి పడింది. నాది తాత్కాలికం. ఇది రాకపోతే నెలాఖరుకి ఇంటికే. మా అమ్మ అప్పుడే మామయ్య కొట్లో నాకో స్టూలు కూడా చూసిపెట్టింది.

పరీక్ష పెట్టడానికి బయటినుంచి వచ్చిన పెద్దాయన మా ఇద్దరికీ చిక్కటి గోధుమరంగు అతిమధురం కషాయం ఇచ్చాడు. బావమరిది గబగబా పోసి, రంగు ఎంత మిగిలిందో కొలిచే యంత్రంలో చూసి, "ఈ అతిమధురంలో ఏమీ లేదండీ" అని తేల్చేశాడు. సభలో దాని గొప్ప గంటసేపు చదివిన నోరది.

నా చెయ్యి మాత్రం నన్నడక్కుండానే ఉత్త కషాయాన్ని వేరే గొట్టంలో పోసేసింది. యంత్రం ఊదా అనుకున్నది కషాయం సొంత రంగే, అది తీసేస్తే ఊదా ఎప్పుడో వెలిసిపోయిందని తేలింది. టీ, కాఫీ, దగ్గుమందు... ఆయన నాచేత వేయించినవన్నీ గోధుమరంగువేనని అప్పుడు వెలిగింది నాకు.

ఉద్యోగం నాకొచ్చింది. మంట మాత్రం పోలేదు. మాస్టారు రిటైరై అట్టపెట్టె సర్దుకుంటుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"నాకు పని నేర్పారు, సరే. మరి అతన్నెందుకండీ రోజూ అంతలా మెచ్చుకున్నారు?"

"నీకు ఉద్యోగం కరువు. అతనికి ఇంట్లో బావగారి నోట ఒక మంచిమాట కరువు. ఎవరికి లేనిది వాళ్ళకి పోశాను" అన్నారు. పెట్టెకి తాడు బిగిస్తూ, "ఇప్పుడు నిన్ను చూసి కుళ్ళుకుంటున్నాడట పాపం. ఆ విద్యలో నువ్వు ఆరితేరినవాడివి కదా, వెళ్ళి కాసేపు తోడుగా కూర్చో" అన్నారు.