లారీ డోరు మీద భారత జట్టు

మా చిన్నప్పుడు... నాన్న లారీ వెనక డోరు మీద ఎప్పుడూ పదకొండు పేర్లు సుద్దముక్కతో రాసి ఉండేవి. చూసినవాళ్లు లోడు వివరాలేమో అనుకునేవారు. కాదు... అది మన దేశం ఫుట్‌బాల్ జట్టు!

నరసరావుపేట అంతా క్రికెట్ పిచ్చిలో ఉంటే మా నాన్నకు మాత్రం ఈ పిచ్చి పట్టింది. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, వేసుకుని కలకత్తా వెళ్లేవాడు. ఒకసారి సరుకు దించడం మూడు రోజులు ఆలస్యమైతే, అక్కడి హమాలీల వెంట లీగ్ మ్యాచ్‌కి వెళ్లాడట. అంతే... ఆ రోజు గెలిచిన ఎర్ర చొక్కాల జట్టుకు జన్మంతా అంకితమైపోయాడు.

లారీల షెడ్డు నడిపే మస్తాన్ బాబాయ్ నాన్నను నోరారా "అన్నా" అనేవాడు. కానీ నాన్న ఎడ్డెమంటే తెడ్డెమనేవాడు. నాన్నది ఎర్ర చొక్కాలు కాబట్టి ఆయనది నీలం చొక్కాలు. ఆ రెండు జట్ల మ్యాచ్ టీవీలో వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, వాళ్లావిడ షంషాద్ పిన్ని ఇద్దరినీ నులకమంచానికి చెరో కొసన కూర్చోబెట్టేది. మధ్యలో మరమరాల గిన్నె పెట్టేది.

ఇక దేశం జట్టు ఎంపిక అంటే... షెడ్డు ముందు రోజూ సాయంత్రం పంచాయతీయే. నాన్న రాసిన పేరును బాబాయ్ చెరిపేవాడు, బాబాయ్ రాసింది నాన్న చెరిపేవాడు. ఒకే ఒక్క నియమం... కారణం చెప్పకుండా ఎవరి పేరూ చెరపకూడదు. ఆ లారీ కలకత్తా వెళితే తెలుగు చదవడం రాని అక్కడి హమాలీలు కూడా నాన్న చేత పేర్లు చదివించుకుని, వాదించి, మార్పించేవారు. నాన్న తిరిగి వచ్చేసరికి జట్టులో ముగ్గురు కొత్తవాళ్లు ఉండేవారు.

ఈ ఇద్దరికీ తెలియని సంగతి ఏమిటంటే... ఇంట్లోనే ఒక గోల్‌కీపర్ ఉంది. నేనే.

మా ఆడపిల్లల హైస్కూల్లో నేలంతా గులకరాళ్లు. అందుకే గోల్ దగ్గర నిలబడటానికి ఎవరూ ముందుకు రాలేదు. పొడుగ్గా ఉన్నానని డ్రిల్లు టీచరు నన్ను తోసింది. మోకాళ్లు చీరుకుపోతే అమ్మ పసుపూ కొబ్బరినూనే రాసి, నాన్నకు కనపడకుండా లంగా కిందికి లాగేది. తొమ్మిదో తరగతిలో జిల్లా జట్టుకు ఎంపికయ్యాను. అనంతపురంలో నాలుగు రోజుల పోటీలు. నాన్న సంతకం కావాలి.

కాగితం చూసి నాన్న మొహం గంటు పెట్టుకున్నాడు. "ఆడపిల్ల నిక్కరేసుకుని నలుగురిలో దూకేదేంది? వద్దు."

దేశానికి గోల్‌కీపర్ లేడని రోజూ గుండెలు బాదుకునే మనిషి ఆ మాట అన్నాడు. నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వచ్చింది.

మర్నాడు సాయంత్రం షెడ్డు దగ్గర సరిగ్గా గోల్‌కీపర్ గురించే గొడవ. రాయడం, చెరపడం... ఆ చోటంతా తెల్లగా అలికినట్టయింది. చివరికి బాబాయ్ సుద్దముక్క విసిరేశాడు. "నీ గోల్‌కీపర్ని నువ్వే రాసుకో అన్నా, నాకు చానా పనుంది." నాన్న కూడా విసుక్కుంటూ స్నానానికి వెళ్లిపోయాడు. ఆ ఖాళీలో నేను రాసేశాను... కోటేశ్వరి, నరసరావుపేట.

తెల్లారేసరికి లారీ వెళ్లిపోయింది. నాన్న చూశాడో లేదో తెలియదు. ఆ పన్నెండు రోజులూ నాకు అన్నం సహించలేదు... తిరిగొచ్చాక ఏమంటాడోనని.

లారీ వచ్చిందని తెలిసి షెడ్డుకు పరుగెత్తాను. దారిలో వానకు డోరంతా కడిగినట్టుంది. నేను రాసింది పోయింది. ఆ డోరు మీదే నాన్న మళ్లీ పదకొండు పేర్లూ రాశాడు. ఆ కోడిగీతలు నాన్నవే. అందరికన్నా పైన... కోటేశ్వరి.

మస్తాన్ బాబాయ్ కూడా చూశాడు. "ఏందన్నా ఇది? మన కోటేనా?"

నాన్న చేతులు తుడుచుకుంటూ అన్నాడు... "ఆడ హమాలీలు చదవమన్నారు, చదివా. ఈ గోల్‌కీపరెవరు, చెరిపెయ్ అన్నారు. కారణం చెప్పండి, చెరుపుతా అన్నా. ముందు నువ్వెందుకు రాశావో చెప్పు అన్నారు. చెప్పాల్సొచ్చింది."

"ఏం చెప్పావు?"

నాన్న నా వైపు తిరిగి, "ఏమే, ఆ కాయితం తే" అన్నాడు.

అనంతపురం వెళ్లాను. గొప్పగా గెలిచి వచ్చానని రాయాలని ఉంది కానీ... మొదటి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ వదిలేశాను. తలదించుకుని ఇంటికి చేరాను. అంతా విని నాన్న లేచాడు. డోరు దగ్గరికి వెళ్లి నా పేరు అరచేత్తో చెరిపేశాడు.

"నాలుగు గోల్స్ తిన్నాక ఎట్టా ఉంచుతానే?"

మస్తాన్ బాబాయ్ ఊరుకోలేదు. "ముందు అడ్డుకోవాల్సిన బ్యాకులు నిద్రపోతే పిల్లేం చేసుద్దన్నా? పెనాల్టీ ఒకటి ఆపిందంట, అది లెక్కలోకి రాదా?" నాన్న వినలేదు. బాబాయ్ వదల్లేదు. దీపాలు పెట్టేవేళ దాకా ఇద్దరూ నా గురించి వాదించుకున్నారు... దేశం జట్టులో ఆటగాడి గురించి ఎట్లా వాదించుకుంటారో అచ్చం అట్లాగే. నేను టైరు మీద కూర్చుని ప్రతి మాటా విన్నాను. నా జీవితంలో అంత సంతోషపడిన సాయంత్రాలు చానా తక్కువ.

ఆ లారీ అమ్మేశాం. ఇప్పుడు జట్టు ప్రకటించగానే నేనూ ఫోన్‌లో వాదనలు చదువుతుంటాను. వేలితో ఒక్క నొక్కు నొక్కి ఎవరిని పడితే వాళ్లను పనికిరానివాళ్లను చేసేస్తున్నారు. కారణం అడిగితే తిట్టు వస్తుంది. మనుషుల పేర్లు చెరపడం మరీ తేలికైపోయింది...

హమాలీలకు ఏం చెప్పాడో నాన్న ఇప్పటికీ చెప్పడు. అడిగితే, "ఇప్పుడెందుకే" అని నవ్వుతాడు.

మీ పేరును కూడా ఎవరైనా, ఎక్కడైనా, పదిమందితో వాదించి నిలబెట్టారా? ఉంటే చెప్పండి... వినాలని ఉంది.