ఏకాంబరం మగ్గం, నా పాటల స్టాండు

పదకొండేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నిజానికి మోస్తున్నది నేను కాదు, మా ముందుగదిలోని స్టాండు. అది ఆంప్లిఫైయర్‌నీ, రికార్డు ప్లేయర్‌నీ, నా అబద్ధాన్నీ కలిపి మోస్తోంది. మూడింటిలోనూ మూడోదే బరువు. చిత్తూరు కోర్టులో సాక్షుల వాంగ్మూలాలు టైపు చేస్తూ ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. ఎందరి మాటలనో తప్పుల్లేకుండా కొట్టాను. నా తప్పును కొట్టడం ఇదే మొదటిసారి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పాటలంటే నాకు పిచ్చి. పాత రికార్డు ప్లేయర్ ఒకటి సంపాదించి, దానికి తగిన ఆంప్లిఫైయరూ స్పీకర్లూ కూర్చుకున్నాను. పెట్టే చోటే కుదరలేదు. టీవీ బల్ల మీద పెడితే, మా ఆవిడ గదిలోకి అడుగు పెట్టగానే సూది ఎగిరి రెండో చరణంలో పడేది. తిరుపతి వెళ్లి స్టాండ్లు చూశాను. అద్దం అరలవి గణగణమన్నాయి. ఇనుపవి వణికాయి. చెక్కపొడి అదిమి చేసినవి చూపులకు బాగున్నాయి, మోయడానికే మొగమాటపడ్డాయి. బాగా ఎండిన పాత టేకు అయితేనే కదలకుండా నిలుస్తుందని మా వడ్రంగి తేల్చేశాడు. ఆ రోజు నుంచి నాకు కొయ్యలే కలలు. ఆదివారం మధ్యాహ్నాలు ఫ్యాను కింద కళ్లు మూసుకుంటే, లేని స్టాండు మీద పెట్టని రికార్డు తిరుగుతూ, మామిడికాయల లారీల వాసన కిటికీలోంచి వస్తూ, మెలకువకీ నిద్రకీ మధ్య ఎక్కడో తేలిపోయేవాణ్ణి. ఆ మగతలోనే ఈ పాపం మొలకెత్తిందా? అలా అనుకుంటే హాయిగా ఉంటుంది. కానీ చేసింది మాత్రం కళ్లు తెరిచే.

నగరిలో మా అత్తగారింటి పక్కిల్లు ఏకాంబరానిది. పేరులో ఒక్క బట్టే ఉన్నా, తరాలుగా ఊరందరికీ చీరలు నేసిన కుటుంబం. చేమగ్గం మీద బతుకు సాగక, పవర్‌లూమ్ షెడ్డులో కూలికి చేరాడు. రోజంతా ఆ మోతలో ఉండి చెవులు మందగించాయి. షెడ్డు మానకపోతే ఉన్న వినికిడి కూడా పోతుందని డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే తిరుపతిలో ఒక చీరల కొట్టాయన, చేత్తో నేసిస్తే తీసుకుంటానన్నాడట. వాళ్ల నాయన నాటి టేకు మగ్గం విప్పి వసారాలో పేర్చి ఉంది. దాన్ని మళ్లీ బిగించాలని ఏకాంబరం ఆశ. ఏళ్ల తరబడి పడి ఉంది కదా, లోపల పుచ్చిందేమోనని అనుమానం. అది కొట్టి విని తేల్చుకోవాల్సిన సంగతి. తన చెవులను నమ్మలేక నన్ను పిలిచాడు.

"అన్నా, నా సెవుల్లో ఆ షెడ్డు మోతే తిరగతా ఉండాది. నీవి పాటలినే సెవులు. ఒకతూరి కొట్టి సూడు."

వేళ్ల కణుపులతో కొట్టాను. నాలుగు గుంజలూ, రెండు దూలాలూ ఒకే శ్రుతి. నిండుగా, లోతుగా, నీళ్లు నిండిన కడవను తట్టినట్టు. వదలబుద్ధి కాక మళ్లీ కొట్టాను. నా స్టాండు నా ఎదుట పడుకుని ఉంది.

"పుచ్చిండాదా?" అని నా మొహంలోకి చూశాడు.

"లోపల బోలుగా ఉండాదప్పా. చెద తినేసింది. నేసేటప్పుడు ఆ ఊపుకు ఆగదు."

చెద పట్టింది కొయ్యకు కాదు, నా నోటికి.

అతను గుంజను ఒకసారి నిమిరాడు. తర్వాత నవ్వాడు. "అచ్చం మా నాయనే. పైకి గట్టిగా ఉండి లోపల్లోపల పోయినాడు. సరే పో. మేము పొయ్యిలో పెట్టేదానికి లేదు గదా. నువ్వు తీసకపోన్నా, దేనికన్నా పనికొస్తాది."

వాళ్లింట్లో మగ్గం కొయ్యను కాల్చరు. అన్నం పెట్టిన కొయ్య నిప్పులో పడకూడదు. పనికిరాదనుకుంటే ఎవరికైనా ఇచ్చేయాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. ఈ వాక్యం రాయకుండా దాటేద్దామని ఇందాకటి నుంచీ చూస్తున్నాను. వాళ్ల భక్తిని నమ్ముకునే అబద్ధమాడాను. అతని భార్య ఒక్కో కొయ్యకూ పసుపు రాసి, బొట్టు పెట్టి బండెక్కించింది. తర్వాతెప్పుడో అడిగితే పశువుల కొట్టానికి వాడేశామన్నాను. ఒక అబద్ధం పక్కన ఇంకొకటి.

వడ్రంగి మగ్గం బిగింపు కన్నాలు పూడ్చి, పాలిష్ పట్టి, స్టాండు చేసిచ్చాడు. సూది ఎగరలేదు. పాట వింటుంటే మనసు కలుక్కుమనేదని రాస్తే అందంగా ఉంటుంది. కలుక్కుమనలేదు. చాలాకాలం హాయిగానే విన్నాను. ఎప్పుడైనా గుర్తొస్తే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ కొట్టాయన మాట తప్పేవాడేమో. మగ్గం బిగించినా ఆ చెవులు పోయేవేమో. అన్నీ ఏమోలే. స్టాండు గట్టిగా నిలబడింది, దాని యజమాని మాత్రం ఏ మాట మీదా నిలబడలేదు.

ఏకాంబరం షెడ్డులోనే ఉండిపోయాడు. ఇప్పుడతనికి ఏమీ వినిపించదు.

పోయిన వేసవిలో కాణిపాకం వచ్చినవాడు మా ఇంటికీ వచ్చాడు. రికార్డు తిరుగుతోంది. నేల మీద కూర్చుని, స్టాండు గుంజకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపో తెలియదు. గడప దగ్గరి ఎండ పాకుతూ వచ్చి అతని మోకాలిని తాకింది.

"పాట సేతిలోకి వస్తా ఉండాదన్నా!" అన్నాడు, తన గొంతు తనకు వినపడనివాళ్లు అరిచినట్టు. "ఇంత మంచి కొయ్య యాడ పట్టినావు?"

"నీ మగ్గమే ఏకాంబరం," అన్నాను. నిజంగానే అన్నాను. రికార్డు మార్చే నెపంతో అటు తిరిగి, నా పెదవులు అతనికి కనబడకుండా.

భుజం తట్టి, "ఏమంటివన్నా?" అన్నాడు. కాఫీ తాగుతావా అన్నట్టు చెయ్యెత్తి చూపించాను. సంతోషంగా తలూపాడు.

అతను బాగా చదువుతాడు. అందరూ రాసి మాట్లాడతారని జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకు తిరుగుతాడు. కాఫీ తెచ్చాక, పెన్నుతో సహా దాన్ని నా చేతికే ఇచ్చాడు. ఖాళీ పేజీ. రాశాను. "చక్కెర చాలా?"

ఈ కాగితాలు అతనికి పంపుతానా? తెలియదు. తిడతాడని భయం లేదు. పోనీలే అన్నా అంటాడేమోనని భయం. పంపినా పంపకపోయినా, ఆ పేజీలో రాయాల్సినది ఇక్కడైనా రాస్తాను. ఎందుకో తేలిగ్గా ఉంది.

ఏకాంబరం, నీ మగ్గం పుచ్చలేదు. ఆ రోజు నాకు బాగానే వినిపించింది.